స్పేస్ కూడా అక్షరమే: ప్రోగ్రామింగ్ తొలి పాఠంలోనే నేర్పండి

సంపాదకుల వారికి,
నమస్కారములు.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో కొంతకాలంగా పైథాన్, సీ భాషల తొలి పాఠాలు తెలుగులో వస్తున్నాయి. గుంటూరులో మొదటి సంవత్సరం విద్యార్థులకు ల్యాబ్‌లో ప్రోగ్రామింగ్ నేర్పే అధ్యాపకుడిగా ఆ ప్రయత్నాన్ని మనసారా ఆహ్వానిస్తున్నాను. అయితే ఆ పాఠాల్లోనూ, మా తరగతి గదుల్లోనూ, చివరికి పరీక్షల్లోనూ ఒక విషయం ప్రతిసారీ దాటిపోతోంది. రెండు మాటలను కలిపి తెరమీద చూపించేటప్పుడు వాటి మధ్య స్పేస్ ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని ఎవరు పెట్టాలో పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు. అది వాళ్లకే తెలిసిపోతుందని అందరం అనుకుంటున్నాం. తెలియడం లేదు. తెలియకపోవడం వల్ల వాళ్లు పడే ఇబ్బంది ఒక్క స్పేస్‌తో ఆగడం లేదు కనుక ఈ లేఖ కొంత వివరంగా రాస్తున్నాను.

పైథాన్‌లో ఇంటిపేరును, పేరును ప్లస్ గుర్తుతో కలిపి ప్రింట్("పింగళి" + "వెంకయ్య") అని రాస్తే తెరమీద "పింగళివెంకయ్య" అని వస్తుంది. ఇందులో యంత్రం చేసిన పొరపాటు ఏమీ లేదు, ఎర్రర్ కూడా చూపించదు. మొదటి స్ట్రింగ్ (కొటేషన్లలో రాసిన అక్షరాల వరుస) చివరి అక్షరం పక్కనే రెండో స్ట్రింగ్ మొదటి అక్షరాన్ని చేర్చడం వరకే ప్లస్ గుర్తు పని. అవి రెండు వేర్వేరు మాటలని, చదివేవారికి వాటి మధ్య కొంత ఎడం కావాలని దానికి తెలిసే వీలు లేదు. మన పూర్వులు తాటాకుల మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ విడవకుండా ఏకధాటిగా రాసేవారు. చదివేవారికి భాష వచ్చు కనుక ఎక్కడ విరవాలో వారే విరుచుకునేవారు. కంప్యూటర్‌లో మాటలను పేర్చేది భాష రాని యంత్రం కనుక, విరుపు ఎక్కడ కావాలో ప్రోగ్రామ్ రాసేవారే ముందుగా చెప్పి తీరాలి.

కలిసిపోయిన ఆ పేరును చూసిన విద్యార్థి మొదట ఏం చేస్తాడో ల్యాబ్‌లో నిలబడి చూసిన ప్రతి అధ్యాపకుడికీ తెలుసు. ప్లస్ గుర్తుకు అటూ ఇటూ స్పేస్ బార్ నొక్కుతాడు. మళ్లీ రన్ చేస్తే అదే ఫలితం వస్తుంది. ఇంకో నాలుగు స్పేస్‌లు కొడతాడు, అయినా మారదు. అప్పుడు పక్కవాడి తెరమీద చూసి, కొటేషన్ లోపల ఒకసారి స్పేస్ కొట్టి, పని అయిపోయిందని తర్వాతి ప్రోగ్రామ్‌కు వెళ్లిపోతాడు. నిజానికి నేర్చుకోవలసిన పాఠం సరిగ్గా అక్కడే ఉంది. కొటేషన్ల బయట ఉన్న స్పేస్ ప్రోగ్రామ్ చదివే మనిషి కంటికి సుఖంగా ఉండడానికి, కొటేషన్ల లోపల ఉన్న స్పేస్ సమాచారంలో భాగం. (పైథాన్‌లో వరుస మొదట్లో విడిచే ఎడానికి వేరే అర్థం ఉంది, దాన్ని వేరే పాఠంగా చెప్పాలి.) ప్రోగ్రామ్ రాత వేరు, ఆ ప్రోగ్రామ్ మోసే సమాచారం వేరు అన్న ఈ భేదం ప్రోగ్రామింగ్‌లో మొట్టమొదటి మెట్టు. స్పేస్ కంటే తేలికగా ఆ భేదాన్ని చూపించే ఉదాహరణ నాకు ఇంతవరకు దొరకలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే చెప్పాలి. స్పేస్ అంటే ఏమీ లేకపోవడం కాదు. కంప్యూటర్ కోసం అక్షరాలకు సంఖ్యలు కేటాయిస్తూ 1963లో రూపుదిద్దుకున్న ఆస్కీ పట్టికలో ఇంగ్లిష్ పెద్దబడి 'ఏ'కు 65, సున్నా అంకెకు 48 ఉన్నట్టే స్పేస్‌కు 32 అనే సంఖ్య ఉంది. లోపల ఏమీ లేకుండా పక్కపక్కనే పెట్టిన రెండు కొటేషన్ల పొడవు 0, వాటి మధ్య ఒక్క స్పేస్ ఉంటే పొడవు 1. తెరమీద ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి కనుక కళ్లను నమ్ముకుని లాభం లేదు. పొడవు చెప్పే ఫంక్షన్‌తో (ఒక పని చేసిపెట్టే సిద్ధమైన ఆదేశంతో) ఆ రెండింటినీ కొలిపిస్తే పిల్లల ముఖాల్లో కనిపించే తెలివిడి ఎంత చక్కటి ఉపన్యాసంతోనూ రాదు. ఆ తర్వాత బోర్డు మీద స్పేస్ ఉన్నచోటల్లా ␣ అనే గుర్తు వేసి చూపిస్తాను. "పింగళి␣వెంకయ్య" అని రాస్తే మధ్యలో ఒక అక్షరం కూర్చుని ఉందని అందరికీ కనిపిస్తుంది.

స్పేస్ కొటేషన్ లోపలే ఉండాలని తెలిశాక, ఎవరి కొటేషన్ లోపల అన్న ప్రశ్న వస్తుంది. "పింగళి␣" అని మొదటి ముక్క చివర పెట్టవచ్చు, "␣వెంకయ్య" అని రెండో ముక్క మొదట్లో పెట్టవచ్చు, లేదా రెండింటినీ ముట్టుకోకుండా మధ్యలో ఒక స్పేస్‌ను విడిగా కొటేషన్లలో ఉంచి రెండు ప్లస్ గుర్తులతో కలపవచ్చు. తెరమీద ఫలితం మూడింటికీ ఒక్కటే కావడంతో చాలా పాఠాలు ఏదైనా ఫర్వాలేదని చెప్పి ముగించేస్తాయి. దీనితో నేను ఏకీభవించను. ఇంటిపేరు చివర స్పేస్ అంటించి దాచుకుంటే, రేపు అదే ఇంటిపేరును "పింగళి"తో పోల్చినప్పుడు రెండూ ఒకటి కావని యంత్రం చెబుతుంది. స్పేస్ పేరుకు చెందినది కాదు, ఆ పేరును చూపించే పద్ధతికి చెందినది. అందుకే మూడో పద్ధతినే మొదట నేర్పాలి. అది చేతికి వచ్చాక, 2016 చివర పైథాన్ 3.6తో వచ్చిన ఎఫ్-స్ట్రింగ్‌లను చూపించవచ్చు. అందులో వాక్యాన్ని వాక్యంగానే రాసి, మారే చోట మాత్రం మీసాల బ్రాకెట్లలో పేరు పెడతాం కనుక స్పేస్ ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది. పేర్ల జాబితా ఉంటే, వాటిని కలిపే జాయిన్ అనే ఫంక్షన్ గురించి చెప్పాలి. లూప్‌లో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగంలో) ఒక్కొక్క పేరు తర్వాత స్పేస్ కలుపుకుంటూ పోతే చివరి పేరు తర్వాత కూడా ఒకటి మిగిలిపోతుంది, జాయిన్ మాత్రం స్పేస్‌ను పేర్ల నడుమ మాత్రమే ఉంచుతుంది. ఐదు పేర్లకు నాలుగు స్పేస్‌లు.

పైథాన్ పాఠాల్లో వచ్చే ఒక చిక్కు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రింట్‌లో ప్లస్‌కు బదులు కామా వాడితే యంత్రమే మధ్యలో స్పేస్ పెట్టేస్తుంది. వేరుగా చెప్పనంతవరకు ఒక స్పేస్ పెట్టమని ఆ ఫంక్షన్‌కు ముందే నిర్ణయించి ఉంచారు. మీ పేజీలో కూడా మొదటి వారమే కామా పద్ధతి చెప్పారు. సౌకర్యంగా ఉంటుందన్న మీ పాఠకర్త ఉద్దేశం నాకు అర్థమైంది, కాని దాని ఫలితం వేరుగా ఉంది. మాటల మధ్య స్పేస్ తనంతట తానే వస్తుందన్న నమ్మకం పిల్లల్లో స్థిరపడిపోతోంది. ఆ తర్వాత అదే వాక్యాన్ని ఫైల్‌లోకి రాసినప్పుడో, వేరియబుల్‌లో (విలువను ఒక పేరుతో దాచుకునే చోట) దాచినప్పుడో స్పేస్ మాయమైతే కారణం వాళ్లకు అంతుపట్టదు. అంతేకాక, వాక్యం చివర చుక్క పెట్టాలని కామా తర్వాత చుక్కను కొటేషన్లలో ఉంచితే, చుక్కకు ముందు కూడా ఒక స్పేస్ వచ్చి కూర్చుంటుంది. ముందు ప్లస్, తర్వాత కామా అన్న వరుస పాటిస్తే ఈ తికమక రాదు.

ఇదంతా చాదస్తంగా తోచేవారు ఉంటారు. "స్పేస్ పడకపోతే ఏమైంది, లాజిక్ సరిగా ఉంది కదా" అనే తోటి అధ్యాపకులు నాకూ ఉన్నారు. పరీక్షలను మనుషులే దిద్దిన రోజుల్లో ఆ మాట చెల్లింది. ఇప్పుడు చాలా కళాశాలల్లో విద్యార్థి రాసిన ప్రోగ్రామ్‌ను సాఫ్ట్‌వేరే నడిపి, వచ్చిన ఔట్‌పుట్‌ను తన దగ్గరున్న జవాబుతో అక్షరం అక్షరం సరిచూస్తోంది. పొన్నూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక విద్యార్థిని ఐదు సబ్జెక్టుల మార్కులు కూడే ప్రోగ్రామ్ రాసింది. కూడిక సరిగానే ఉంది. ఆమె తెరమీద "మొత్తం:485" అని వచ్చింది, సాఫ్ట్‌వేర్ దగ్గరున్నది "మొత్తం: 485". ఎర్ర రంగులో తప్పు అని పడింది తప్ప తేడా ఎక్కడుందో చూపలేదు. ఆ అమ్మాయి లూప్ మార్చింది, మొదటి విలువను సున్నా నుంచి ఒకటి చేసి చూసింది, కూడికను రెండు ముక్కలుగా విడదీసింది. నేను వెళ్లేసరికి సరిగా ఉన్న ప్రోగ్రామ్ పూర్తిగా చెడిపోయింది. తనకు ప్రోగ్రామింగ్ రాదని ఆమె అప్పటికే నిర్ణయించుకుంది. రెండు చుక్కల తర్వాత ఒక్క స్పేస్ పెట్టమని చెబితే ఆకుపచ్చ రంగు పడింది కాని, ఆమెకు తన మీద నమ్మకం తిరిగి రావడానికి చాలా సమయం పట్టింది. కచ్చితత్వం కోరడం తప్పని నేను అనడం లేదు. కచ్చితత్వం కోరే ముందు నేర్పాలని, తప్పు అన్నప్పుడు తేడా ఎక్కడుందో ఆ స్పేస్‌ను గుర్తుతో చూపించాలని మాత్రం అంటున్నాను. ఆ సౌకర్యం చేర్చడం సాఫ్ట్‌వేర్ తయారు చేసేవారికి పెద్ద పని కాదు.

సీ భాషకు వస్తే స్పేస్ ఇంకా లోతుకు వెళుతుంది. అక్కడ స్ట్రింగ్‌లను కలపడానికి ప్లస్ పనికిరాదు, ఎస్‌టీఆర్‌క్యాట్ అనే ఫంక్షన్ వాడాలి. అదీ స్పేస్ పెట్టదు. పెట్టాలంటే స్పేస్‌ను ఒకసారి, పేరును మరోసారి కలపాలి. కలిపిన ప్రతి అక్షరానికీ, స్ట్రింగ్ ముగింపును తెలిపే సున్నా గుర్తుకూ సరిపడా చోటు ముందే కేటాయించి ఉండాలి. ఆ ఒక్క స్పేస్‌కు చోటు చాలకపోతే అది పక్క సమాచారం మీద పడి దాన్ని చెరిపేయవచ్చు.

సమాచారం లోపలికి తీసుకునేటప్పుడు మరో కష్టం ఉంది. టైప్ చేసినదాన్ని చదివే స్కాన్‌ఎఫ్ ఫంక్షన్‌లో మాట చదవమని శాతం గుర్తు, ఎస్ రాస్తే అది స్పేస్ కనిపించగానే ఆగిపోతుంది. "గుర్రం జాషువా" అని టైప్ చేస్తే "గుర్రం" మాత్రమే వేరియబుల్‌లోకి చేరుతుంది, "జాషువా" బయటే వేచి ఉండి తర్వాతి ప్రశ్నకు జవాబుగా ముందుకు వస్తుంది. తర్వాతి ప్రశ్న పుట్టిన సంవత్సరమైతే అంకెకు బదులు పేరు ఎదురై ఆ చదవడం విఫలమవుతుంది. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వల్ల తెలుగు పిల్లలకు ఇది మొదటి రోజే తగిలే సమస్య. మొత్తం వరుసను చదివే ఫంక్షన్లు ఉన్నాయని, వాటిని ఎందుకు వాడాలో చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదు. అలాగే ఒక్క అక్షరం చదవమన్నప్పుడు, అంతకుముందు నొక్కిన ఎంటర్ గుర్తే వచ్చి చేరడం ప్రతి ల్యాబ్‌లోనూ జరుగుతుంది. శాతం గుర్తుకు ముందు కొటేషన్ లోపల ఒక్క స్పేస్ పెడితే ఆ కష్టం తీరుతుంది, ఎందుకంటే ఆ స్థానంలో స్పేస్‌కు "కనిపించని గుర్తులన్నీ దాటి వెళ్లు" అని అర్థం. పిల్లలు మాత్రం "అలా పెడితే పనిచేస్తుంది సార్" అని బట్టీ పట్టి వైవాలో చెబుతున్నారు.

తెలుగులో ఔట్‌పుట్ ఇవ్వాలని ఉత్సాహపడే విద్యార్థులకు ఎదురయ్యే సమస్యను మీ పాఠాలు అసలు తాకలేదు. ఊరి పేర్లు ఒక వరుసలో, దూరాలు ఒక వరుసలో నిలువుగా రావాలంటే పేరును పది గళ్ల వెడల్పుకు సర్ది, మిగిలిన చోటును స్పేస్‌లతో నింపమని చెబుతాం. ఇంగ్లిష్‌లో అది చక్కగా కుదురుతుంది. తెలుగులో విజయవాడ, గుంటూరు తీసుకుని చూడండి. మన కంటికి విజయవాడలో ఐదు అక్షరాలు, గుంటూరులో మూడు. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో గుణింతపు గుర్తులకూ, సున్నాకూ విడివిడిగా సంఖ్యలు ఉంటాయి కనుక పైథాన్ లెక్కలో రెండింటి పొడవూ ఏడే. అందుచేత రెండింటికీ మూడేసి స్పేస్‌లే పెడుతుంది, తెరమీద పక్కనున్న అంకెలు వంకరపోతాయి. సీ భాషలో అయితే, ఆ సంఖ్యలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు (చోటును కొలిచే ప్రమాణం) చొప్పున ఆ పొడవు 21 అవుతుంది, స్పేస్‌కు మాత్రం ఒక్క బైటే. ఇది తెలియని విద్యార్థి స్పేస్‌లు చేత్తో కొట్టి వరుస సరిచేస్తాడు, ఊరి పేరు మారగానే మళ్లీ చెడుతుంది. తెలుగు మాటలను వరుసలో నిలపడానికి స్పేస్‌లు సరైన సాధనం కాదని, పట్టిక గళ్లు ఇచ్చే పద్ధతులు వాడాలని ముందే చెబితే ఎంతో శ్రమ తప్పుతుంది.

కంటికి కనిపించని మరికొన్ని గుర్తులూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట-కారం కింద వ-వత్తు పడకుండా ఆపడానికి మీ కంపోజింగ్ విభాగం వారు రోజూ కొట్టే వెడల్పు లేని గుర్తుకు 8204 సంఖ్య. అది స్పేస్ కాదు కనుక, చివరి స్పేస్‌లను తీసేసే స్ట్రిప్ ఫంక్షన్ దాన్ని తీయదు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే, పంక్తి విరగనివ్వని స్పేస్‌కు 160. చూపులకు మామూలు స్పేసే, ప్రోగ్రామ్‌లో కొటేషన్ల బయట పడితే మాత్రం పైథాన్ ఎర్రర్ చూపిస్తుంది.

ఇక రాతపరీక్ష. మన దగ్గర ప్రోగ్రామింగ్‌ను ఇప్పటికీ కాగితం మీదే రాయిస్తున్నాం. విద్యార్థి చేతిరాతలో కొటేషన్ లోపల స్పేస్ ఉందో లేదో దిద్దేవారికి ఎలా తెలుస్తుంది? కొందరు ఉందనుకుని మార్కు వేస్తారు, కొందరు లేదనుకుని కోస్తారు. అట్ట కార్డులకు రంధ్రాలు పొడిచి ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌కు అందించిన, 80 నిలువు గళ్ల పంచ్ కార్డుల కాలంలో ప్రోగ్రామ్‌ను గళ్ల కాగితం మీద ఒక్కో గడిలో ఒక్కో అక్షరంగా రాసేవారు. ఖాళీ గడి కూడా ఒక గడే కనుక అప్పుడు ఈ సందేహానికి తావు లేదు. ప్రశ్నపత్రంలోనూ జవాబుపత్రంలోనూ ␣ గుర్తును అనుమతిస్తూ ఒక వాక్యం చేర్చితే ఇప్పుడూ ఉండదు. సిలబస్ మార్చనక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. విశ్వవిద్యాలయాల పరీక్షల విభాగాలు దీన్ని ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

దీనికి ల్యాబ్ బయట కూడా విలువ ఉంది. "పి.వెంకయ్య", "పి. వెంకయ్య", "పి వెంకయ్య" అన్న మూడూ మనకు ఒక్కరే. నేరుగా పోల్చే ప్రోగ్రామ్‌కు ముగ్గురు వేర్వేరు మనుషులు. పదో తరగతి మెమోలో ఒక రకంగా, గుర్తింపు కార్డులో ఒక రకంగా, బ్యాంకు ఖాతాలో మరో రకంగా ఉన్న పేర్లతో అర్జీలు వెనక్కి వచ్చి కార్యాలయాల చుట్టూ తిరిగేవారిని మనం చూస్తూనే ఉన్నాం. ఇంటిపేరు పొట్టి అక్షరానికి, చుక్కకు, పేరుకు మధ్య స్పేస్ ఉన్నా లేకపోయినా ఒకటిగా చూడాలంటే, పోల్చే ముందు రెండు వైపులా చుక్కలను, అదనపు స్పేస్‌లను ఒకే పద్ధతికి తేవాలి. అది నాలుగైదు వరుసల ప్రోగ్రామ్. దాన్ని రాయవలసిన అవసరం ఉందని గుర్తించేది, స్పేస్ ఒక అక్షరమని మొదటి ఏడాదిలోనే తెలుసుకున్న విద్యార్థి. రేపు ఆ కార్యాలయాలకు సాఫ్ట్‌వేర్ రాయబోయేది ఇవాళ మా ల్యాబ్‌లలో కూర్చున్న పిల్లలే.

చివరగా మీ పేజీకి సంబంధించిన విన్నపాలు. ప్రోగ్రామ్‌లను వార్తల మాదిరిగా కాలమ్ వెడల్పుకు సాగదీసి అచ్చువేయడం వల్ల ఒక స్పేస్ మూడు స్పేస్‌లంత కనిపిస్తోంది. కొన్నిసార్లు కొటేషన్ మధ్యలోనే పంక్తి విరిగి, అక్కడ స్పేస్ ఉందో లేదో తెలియడం లేదు. పైథాన్‌లో వరుస మొదటి ఎడం చెరిగిపోతే ఆ ప్రోగ్రామ్ నడవదు. నిటారు కొటేషన్లకు బదులు వంకీ కొటేషన్లు పడితే చూసి టైప్ చేసిన పల్లెటూరి పిల్లవాడికి ఎర్రర్ తప్ప ఏమీ రాదు, అడగడానికి వాడి పక్కన ఎవరూ ఉండరు. ప్రోగ్రామ్ భాగాన్ని అక్షరాలన్నీ సమాన వెడల్పుతో ఉండే టైపులో, సాగదీయకుండా, అవసరమైతే రెండు కాలమ్‌ల వెడల్పున వేయించండి. కొటేషన్ లోపలి స్పేస్‌లను ␣ గుర్తుతో చూపించి, టైప్ చేసేటప్పుడు దాని స్థానంలో స్పేస్ బార్ నొక్కాలని పేజీ అడుగున ఒక వరుస చేర్చండి. ప్రతి ప్రోగ్రామ్ కింద దాని ఔట్‌పుట్‌ను కూడా అదే గుర్తులతో అచ్చువేస్తే, ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థి సైతం కాగితం మీదే సరిచూసుకోగలుగుతాడు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు.